ఎర్ర రంగు రాని ఆదివారం

మొన్నొక ఉదయం మా ఎదురు ఫ్లాట్ అమ్మాయి తన పెళ్ళి శుభలేఖ నమూనా పట్టుకొచ్చింది. అచ్చుకు ఇచ్చేముందు కాగితం మీద ఎలా కనిపిస్తుందో ఒకసారి చూసుకుంటానంది. మా ఇంట్లో ప్రింటర్ ఉందన్న సంగతి ఈ తెల్లాపూర్ అపార్ట్‌మెంట్‌లో మా అంతస్తు వాళ్ళందరికీ తెలుసు. పిల్లల ప్రాజెక్టులు, రైలు టిక్కెట్లు, ఆధార్ కాపీలు, ఒకసారి తప్పిపోయిన పిల్లి ఫొటో కూడా మా ఇంట్లోనే అచ్చయ్యాయి. కానీ ఈ వేసవంతా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మీట నొక్కితే లోపల ఏదో గొణుక్కుని, ముక్కుతూ మూలుగుతూ, కుంకుమ రంగులో రావలసిన శుభలేఖను పసుపు ముద్దలా బయటికి తోసింది. ఆ అమ్మాయి కాగితాన్ని వెలుగులో పెట్టి చూసి, "ఆంటీ, ఇది పెళ్ళి పిలుపులా లేదు, కామెర్ల మందు ప్రకటనలా ఉంది" అంది.

ఎర్ర రంగు ఎండిపోయిందని చెప్పి, సాయంత్రం రమ్మని పంపించాను. ఇలాంటి మరమ్మతులు నాకు కొత్త కాదు. ముప్ఫై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పిన చెయ్యి ఇది. మూత తెరిచి, నాలుగు రంగుల డబ్బీలు ఊడదీసి, ఇంకును కాగితం మీద చిమ్మే ఆ చిన్న భాగాన్ని, దాన్నే ప్రింట్ హెడ్ అంటారు, జాగ్రత్తగా బయటికి తీశాను. దాని అడుగున కంటికి ఆనని రంధ్రాలుంటాయి. వాటిలో ఇంకు గడ్డకట్టిందంటే ఆ రంగు ఇక రాదు. గోరువెచ్చని నీళ్ళతో తడిపిన మెత్తటి కాగితం మీద దాన్ని పెట్టాను. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఒక మూల నుంచి ఎరుపు మెల్లగా పాకింది. దారమంత మొదలై అరచేయంత అయింది. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నాను గనక సరిపోయింది గానీ, ఎవరైనా చూసుంటే ఈమెకేమైందని అనుకునేవాళ్ళు.

ఏడేళ్ళ కిందటి మాట. అప్పుడు మేం ఖాజాగూడలో అద్దెకుండేవాళ్ళం. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కిటికీ తెరిస్తే ఒక వైపు చెరువు, ఇంకో వైపు ఏనుగులు పడుకున్నట్టుండే బండలు. ఆ బండల్ని పేల్చి కొత్త టవర్ కడుతున్నారు. రోజూ మధ్యాహ్నం ముందు సైరన్ మోగేది, ఆ వెంటనే నేలలోంచి ఒక దెబ్బ తగిలేది. అల్మారాలో గ్లాసులు గలగలమనేవి. మొదటి వారం ఉలిక్కిపడ్డాం. నెల తిరిగేసరికి ఆ దెబ్బ పడ్డాకే అన్నాలు తినడం అలవాటైంది. ఎప్పుడైనా పేల్చడం ఆలస్యమైతే మా ఆయన గడియారం చూసుకుని, "ఏంది ఈ రోజు ఇంగా పగలగొట్టలే" అని విసుక్కునేవాడు.

మా ఆయనకు ఒక అక్క. నాకు వదిన. ప్రొద్దుటూరు దగ్గర మా అత్తగారింట అడుగుపెట్టిన రోజు నుంచి ఆమె నాలో మెచ్చుకున్నది ఒకే ఒక్కటి, నా గొడుగు. మిగతావన్నీ ఆమెకు తప్పులే. నా పులుసు, నా చీర కుచ్చిళ్ళు, నేను బట్టలు ఆరేసే తీరు, ఫోనెత్తి నేను హలో అనే తీరు. "ఏం మే, లెక్చరర్ అంటావు, చింతపండు కొలత తెల్దా?" అనేది నలుగురిలో. ఆమె వస్తుందంటే నేను ముందురోజే తలనొప్పి మాత్ర కొనిపెట్టుకునేదాన్ని. మాట కత్తిలా ఉన్నా మనిషి మంచిది అని మా ఆయన సర్దిచెప్పేవాడు. కత్తి నాకే తగులుతుంది కాబట్టి ఆ మంచితనం నాకు పెద్దగా కనిపించేది కాదు.

ఆమె భర్త ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో క్లయింట్ల ప్రాజెక్టులన్నీ చూసే డెలివరీ హెడ్. వరస ప్రకారం నేను అన్నయ్య అని పిలిచేదాన్ని. ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. ఎవరింటికి వెళ్ళినా గుమ్మం ముందు చిందరవందరగా ఉన్న చెప్పులన్నీ వరసగా సర్ది లోపలికి వచ్చేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు. చుట్టాల పిల్లలందరికీ ఆయనే చదువుల సలహాలు చెప్పేవాడు, ఉద్యోగాలకు మాట సాయం చేసేవాడు. మా వైపు పెళ్ళిళ్ళలో ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్ళు. మగవాడంటే అట్లా ఉండాలని నేను కూడా మా ఆయనతో రెండు మూడుసార్లు అన్నాను. ఆ మాటలు ఇప్పుడు గుర్తొస్తే నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

నిజానికి నాకు ముందే తెలిసి ఉండాలి. ఇక్కడ తెల్లాపూర్‌లోనే వాళ్ళు విల్లా కొని గృహప్రవేశం చేసినరోజు, పాయసం కలుపుతూ నేను వంటింట్లో ఉన్నాను. పక్క స్టోర్ రూంలో ఆయన మాట తగ్గు స్వరంలో వినిపించింది. ఆ తర్వాత తడిబట్టను బండమీద కొట్టినట్టు ఒక చప్పుడు. ఇంకొకటి. నేను గరిటె పట్టుకుని నిలబడిపోయాను. నిలబడి ఏం చేశాను? మిక్సీ ఆన్ చేశాను. అందులో రుబ్బడానికేమీ లేదు, ఖాళీ జారే తిరిగింది. రెండు నిమిషాల తర్వాత వదిన ట్రేలో గ్లాసులు పెట్టుకుని వచ్చింది. ఎడమ చెంప మీద నాలుగు వేళ్ళు అచ్చుపడి ఉన్నాయి. నా పాయసం చెంచాతో రుచి చూసి, "బెల్లం ఎక్కువేసినావు మే, ఎవురు తాగుతారు?" అంది. ఆ మాటకు నాకు రోషం వచ్చింది. ఆ రోషాన్ని పట్టుకుని, చెంప సంగతి వదిలేశాను. సంవత్సరాల తరబడి మా ఆయనతో పాయసం గురించే దెప్పాను గానీ ఆ చప్పుడు గురించి ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం తలుపు తీస్తే ఎదురుగా ఆమె. నల్లద్దాలు పెట్టుకుంది, తల మీదుగా కొంగు కప్పుకుంది, ఎడమ చేతిని తువ్వాలు మడతలో పెట్టి రొమ్ముకు ఆనించుకుంది. మూడంతస్తులు ఎక్కి వచ్చింది, ఊపిరి అందడం లేదు. "అన్నమైందా?" అని అడిగింది. ఏమీ జరగనట్టే. లోపలికొచ్చి అద్దాలు తీస్తే కుడి కన్ను పూర్తిగా మూసుకుపోయి వంకాయలా ఉంది. సోఫాలో కూర్చోమన్నాను. అంచు మీద నిటారుగా కూర్చుని, "ఆనుకుంటే మంట మే" అంది. మా ఆయన మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని వచ్చినవాడు దాన్ని ఆమె చేతికివ్వడం మరిచి అలాగే నిలబడ్డాడు.

ఆమె ఏడవలేదు. కూరగాయల బేరం చెబుతున్నట్టు చెప్పింది. ముందురోజు సాయంత్రం ఆయన ఇంటి నుంచే విదేశీ క్లయింట్లతో మాట్లాడుతున్నాడు. వంటింట్లో కుక్కర్ కూత వేసింది. అంతే. "మ్యూట్ చేసి వచ్చినాడు మే. ల్యాప్‌టాప్ ఛార్జర్ వైరు తెచ్చినాడు. నాలుగు కొట్టి, పోయి మాట్లాడినాడు. నవ్వతా మాట్లాడినాడు, నాకు వినపడతానే ఉండాది. మళ్ళా మ్యూట్ చేసి వచ్చినాడు." అట్లా మూడుసార్లు. మూడోసారి ఆమె అడ్డం పెట్టిన చేతిని గట్టు కింది సొరుగులో ఉంచి, సొరుగు మోకాలితో మూశాడు. రెండు వేళ్ళు విరిగాయి. మీటింగ్ అయ్యాక ఆయనే వేడినీళ్ళు కాచి తెచ్చాడు. నీవల్లే నాకీ పాపమంతా అని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దెక్కాక ఆయన జిమ్‌కు పోయినప్పుడు ఆమె ఆటో ఎక్కింది. ఇరవై మూడేళ్ళలో ఎన్నిసార్లు ఇలా జరిగిందని మా ఆయన అడిగాడు. ఆమె తమ్ముడి వంక చూసి, "నువ్వు ఎన్ని పండగలకు వచ్చినావో ఆ దినాలు తప్ప" అంది.

దవాఖానలో వేళ్ళకు పట్టీ వేశారు, డాక్టరమ్మ దెబ్బలన్నీ కాగితం మీద రాసిచ్చింది. మా కాలేజీలో నాతో పనిచేసే ఆవిడకు తెలిసిన ఒక లాయరమ్మ ఉంటే ఫోన్ చేశాం. ఒంటి మీద గుర్తులు మాసిపోకముందే ఫొటోలు తీయమని, వాటి రంగు ప్రింట్లు రెండు సెట్లు సోమవారం పొద్దున పదింటికల్లా తెమ్మని చెప్పింది. నేనే తీశాను, నా ఫోన్‌తో. కన్ను, మెడ, చెయ్యి, తర్వాత వీపు. రవిక విప్పి ఆమె గోడవైపు తిరిగి నిలబడింది. మెడకింద నుంచి నడుందాకా పదకొండు వాతలు. కొన్ని ఎర్రగా ఉబ్బి ఉన్నాయి, కొన్ని నీలంగా కమిలాయి. రెండు చోట్ల తోలు లేచింది. మొదటి రెండు ఫొటోలు అలుక్కుపోయాయి, మళ్ళీ తీశాను. చూస్తావా వదినా అంటే, "నాకొద్దు" అంది.

మర్నాడు ఆదివారం. వీధి చివర జిరాక్స్ అంగడి ఉంది, అక్కడికి పోయి ఐదు నిమిషాల్లో తీయించుకొస్తానని మా ఆయన లేచాడు. వదిన తలెత్తింది. "ఆ అంగట్లో మగపిల్లోళ్ళ ముందర నా వీపు పరచాల్నా?" అంది. మా ఆయన మళ్ళీ కూర్చున్నాడు. నా ప్రశ్నపత్రాల కోసం కొన్న ప్రింటర్ బల్ల కింద దుప్పటి కప్పుకుని ఉంది. దాన్ని బయటికి తీశాను. సెలవుల తర్వాత అదే మొదటిసారి వెలిగించడం.

మొదటి ఫొటో బయటికొచ్చింది. అందులో మనిషి ఉంది గానీ దెబ్బ లేదు. ఒళ్ళంతా ఆకుపచ్చని పసుపు, లేత పాచి పట్టినట్టు. ఎర్రగా ఉబ్బిన వాతలు పలచని పసుపు గీతలై చర్మంలో కలిసిపోయాయి. నీలాలు లేత పచ్చగా మారి నీడల్లా ఉన్నాయి. ఎవరైనా చూస్తే నలుగు పెట్టుకుని స్నానానికి సిద్ధమైన మనిషి అనుకుంటారు. వదిన ఆ కాగితాన్ని బాగున్న కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఇది గూడా ఆయప్ప పక్కనే ఉండాది" అంది, మొగుణ్ణి ఉద్దేశించి. మా ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ప్రింటర్‌లో శుభ్రం చేసుకునే మీట ఒకటుంటుంది, మూడుసార్లు నొక్కాను. ఇంకు తాగింది తప్ప ఎరుపు రాలేదు. మాకు ఇంకు నింపిపెట్టే ఆయన బోరబండలో ఉంటాడు. ఫోన్ చేస్తే వెనకాల గోలగోలగా ఉంది, ఏదో విందు. "అమ్మా, మా ఇంట్ల దావత్ నడుస్తుంది, ఇయాల రాలేను. ఫికర్ జెయ్యకుండ్రి, నేన్ చెప్త, మీరే జెయ్యుండ్రి" అన్నాడు. ఓపిగ్గా ఒక్కొక్కటీ చెప్పాడు. హెడ్ ఎలా ఊడదీయాలి, ఎర్ర ఇంకు దిగే బొక్క ఏది, సూది తీసేసిన సిరంజికి చిన్న గొట్టం తొడిగి గోరువెచ్చని నీళ్ళు ఎలా పంపాలి. "జోర్ జెయ్యకుండ్రమ్మా. జోర్ జేస్తే లోపల సన్నని తొవ్వలు పగుల్తయి, ఇగ పనికిరాదు. జర్రంత ఒత్తుండ్రి, ఆగుండ్రి, మల్ల ఒత్తుండ్రి. ఎంత ఎర్రనీళ్ళొచ్చినా భయపడకుండ్రి. అయినంక మంచిగ ఆరనియ్యుండ్రి, తడి మీద పెడితే కాలిపోతది."

స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి కూర్చున్నాను. కాలేజీ ల్యాబులో ఎన్ని సిరంజిలు పట్టానో. ఆ రోజు మాత్రం వేలు నా మాట వినలేదు. లోపల కోపం, చేతిలో ఇంత సున్నితమైన పని. గట్టిగా ఒక్కసారి నొక్కి పారేద్దామనిపించేది, జోర్ చెయ్యొద్దన్న మాట గుర్తొచ్చి ఆగేదాన్ని. వదిన నా ఎదురుగా కుర్చీ అంచున కూర్చుని చూస్తోంది. "నీళ్ళు సల్లారినాయి, మార్చు" అని ఒకసారి, "గిన్నె ఆ పక్కకు పెట్టు, గుడ్డ తడుస్తాది" అని ఒకసారి. దెబ్బల మధ్యన కూడా నా పనిలో తప్పులు పట్టడం మానలేదు. ఎందుకో ఆ రోజు ఆ మాటలు నాకు ఆసరాగా అనిపించాయి. గంటకు గొట్టం లోపల ఏదో తెగినట్టయి, గిన్నెలో ఎర్రటి మేఘం విచ్చుకుంది. ఇంకా ఇంకా వచ్చింది. గిన్నె నిండా చిక్కటి ఎరుపు. ఆమె మొదటిసారి, "బాగ చేసినావు మే" అంది. హెడ్‌ను తుడిచి, మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టాను. ఇంక అది ఆరేదాకా ఆగడమే.

అప్పుడే బెల్ మోగింది. మా ఆయన తలుపు తీశాడు. గుమ్మంలో అన్నయ్య. తెల్లచొక్కా, ఇస్త్రీ మడత చెక్కు చెదరలేదు. "మీ అక్క ఇక్కడుందా? ఫోన్ ఎత్తడం లేదు, నాకు చాలా కంగారుగా ఉంది" అన్నాడు నెమ్మదిగా. మా ఆయన జన్మలో ఎవరికీ ఎదురు చెప్పినవాడు కాదు. కూరగాయలవాడు పుచ్చు వంకాయలిస్తే తీసుకుని థాంక్స్ చెప్పొచ్చే మనిషి. తలుపు మీద చెయ్యి తీయకుండా, "అక్క రాదు బావా. నువ్వు పో" అన్నాడు. "తప్పుకో" అన్నాడు ఆయన. మా ఆయన తప్పుకోలేదు. అన్నయ్య మా ఆయన కాలర్ పట్టుకుని తలను తలుపు చట్రానికేసి కొట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు, కొబ్బరికాయ కొట్టినంత నింపాదిగా. కనుబొమ్మ పగిలి నెత్తురు కళ్ళలోకి కారింది. మా ఆయన గోడకు జారి కూలబడ్డాడు.

లోపలికొచ్చినవాడు ఎవరివంకా చూడలేదు. సరాసరి వదిన దగ్గరికి వెళ్ళి ఆమె జడను పిడికిలికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. ఆ చుట్టుకున్న తీరు చూస్తేనే తెలిసింది, ఆ చేతికి ఆ పని బాగా అలవాటని. కుర్చీ పడిపోయింది. ఆమెను నేలమీద ఈడ్చుకుంటూ గుమ్మం వైపు నడిచాడు. ఆమె అరవలేదు. కాళ్ళు కూడా తన్నుకోలేదు. పట్టీ వేసిన చేతిని మాత్రం తల పైకెత్తి పట్టుకుంది, అది దేనికీ తగలకుండా. ఈడుస్తూనే ఆయన అదే మెత్తని గొంతుతో, "ఇంటికి పోదాం. మన ఇంట్లో మాట్లాడుకుందాం" అంటున్నాడు. అంత దగ్గర నుంచి ఆ గొంతు విన్నాక నాకు ఒళ్ళు తెలియలేదు. బల్లమీద గిన్నె ఎత్తి ఆయన మొహాన కొట్టాను, నీళ్ళతో సహా.

ఆయన అప్పటికి గుమ్మం దాటి మెట్ల దగ్గరికి చేరాడు. కళ్ళు తుడుచుకుని చొక్కా చూసుకున్నాడు. మెడ నుంచి నడుందాకా ఎరుపు. అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు, అదీ ఎరుపే. "రక్తం" అన్నాడు. చిన్నగా, చిన్నపిల్లాడిలా. జడ వదిలేశాడు. మెట్లమీద కూర్చుండిపోయాడు. ఇరవై మూడేళ్ళు ఇంకొకరి ఒంటిమీద అదే రంగు చూసిన మనిషి తన చొక్కా మీద చూసేసరికి ఊపిరి పీల్చుకోలేకపోతున్నాడు. వదిన నేలమీద నుంచి లేచి, గోడ పట్టుకుని నిలబడి, ఆయన వైపు వంగి చూసింది. "నెత్తురు కాదు. ఇంకు" అంది.

కథ ఇక్కడ ఆగిపోతే నాకు బాగుండేది. చుట్టాలకు చెప్పేటప్పుడు మేమంతా ఇక్కడిదాకానే చెబుతాం, అందరూ నవ్వుతారు. కానీ నేను అక్కడ ఆగలేదు. ప్రింటర్ నుంచి ఊడదీసి గుమ్మం పక్కన గోడకు ఆనించిన కాగితాల ట్రే చేతికందింది. దాంతో ఆయన భుజం మీద కొట్టాను. తర్వాత వీపు మీద. ఆయన చేతులు అడ్డం పెట్టుకున్నాడు, ఆ చేతుల మీద కూడా కొట్టాను. ముప్ఫై ఏళ్ళలో ఒక్క పిల్లవాడి మీద చెయ్యి ఎత్తని మనిషిని. ట్రే మూల విరిగింది, విరిగిన అంచుతో కొట్టాను. ఆయన చెవి పైన చీరుకుని నిజమైన నెత్తురు వచ్చింది. అది ఇంకు కంటే నల్లగా, చిక్కగా ఉంది. అది చూసి కూడా నేను ఆగలేదు. ఆగకపోవడమే కాదు, నాకు హాయిగా ఉంది. ఎన్నో ఏళ్ళుగా బిగిసి ఉన్నదేదో తెగి పారుతున్నట్టుంది. దాచుకోవడమెందుకు, అదీ జరిగింది.

నా మణికట్టు ఎవరో పట్టుకున్నారు. వదిన. బాగున్న కుడిచేత్తో, గట్టిగా. "సాలు మే" అంది. నేను విదిలించుకోబోయాను. ఆమె వదల్లేదు. నా మొహంలోకి చూస్తూ, "సాలు. నీకు గూడా అలవాటైతాది" అంది. ట్రే నా చేతిలోంచి జారి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది.

ఈలోగా కింద నుంచి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. ఖాజాగూడ ఊరివాడే, ముసలాయన. "ఏమైంది సారూ? గింత నెత్తురేంది? దవాఖానకు తోల్కపోవాల్నా?" అని చేతులు చాచాడు. ఇంకు అని చెబితే చొక్కాను వేలితో ముట్టి చూసి, చెవి వైపు చూసి, మా ఆయన నుదురు చూసి, ఏది ఇంకో ఏది కాదో తేల్చుకోలేక తలగోక్కున్నాడు. అన్నయ్య లేచాడు. చెప్పులు వెతుక్కుని వేసుకున్నాడు. రెండు మెట్లు దిగి ఆగి, "మిమ్మల్నందర్నీ జైల్లో పెట్టిస్తాను" అన్నాడు. ఇప్పుడూ గొంతు పెంచలేదు.

మా ఆయన కుట్లు వేయించుకోవడానికి కదలనన్నాడు. తువ్వాలు నుదుటికి నొక్కిపెట్టుకుని, "ముందు అది కానీ" అన్నాడు. తలుపుకు రెండు గడియలూ పెట్టి బల్ల దగ్గరికి వెళ్ళాను. హెడ్ ఆరిపోయింది. రంగు డబ్బీలు ఒకదాని చోట ఇంకోటి పెట్టబోయాను, వదిన సరిచేసింది. ట్రే లేదు గనక వెనకవైపు నుంచి కాగితం ఒక్కొక్కటే చేత్తో పట్టుకుని అందించాను. లోపల గొణుగుడు మొదలైంది. అంగుళం అంగుళం చొప్పున వీపు బయటికి వచ్చింది. ముందు మెడ. తర్వాత మొదటి వాత, ఎర్రగా, ఉబ్బు కూడా తెలిసేంత స్పష్టంగా. దాని కింద రెండోది. నీలాలు నీలాలుగానే వచ్చాయి. తోలు లేచిన చోట తడి మెరుపు కూడా వచ్చింది.

వదిన ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుంది. మొదటిరోజు ఫోన్‌లో చూడనన్న మనిషి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడి చూసింది. చాలాసేపు చూసింది. ఎవరి వీపు వాళ్ళకు కనబడదు. ఇరవై మూడేళ్ళుగా అది ఆమెకు మంటగానే తెలుసు, చూడటం అదే మొదటిసారి. "ఇట్లుండాదా" అంది. మాకు చెప్పినట్టు లేదు. తర్వాత నేలమీద కూర్చుని, కాగితం ఒళ్ళో పెట్టుకుని, ఏడ్చింది. శనివారం నుంచి రాని ఏడుపంతా వచ్చింది. మా ఆయన ఆమె పక్కన కూర్చున్నాడు. వీపు మీద చెయ్యి వేయలేక, ఆమె పాదం మీద వేశాడు.

సోమవారం పదింటికి రెండు సెట్లూ లాయరమ్మ బల్లమీద ఉన్నాయి. అన్నయ్య అన్నమాట ప్రకారం నా మీద ఫిర్యాదు ఇచ్చాడు. స్టేషన్‌కు పిలిచారు. "గీ సారును మీరు కొట్టిన్రా మేడం?" అని ఎస్సై అడిగాడు. కొట్టానన్నాను. లాయరమ్మ బల్లకింద నా కాలు తొక్కింది. "దేంతోని?" ప్రింటర్ ట్రేతో. "ట్రే అంటే, చాయ్ పెట్టేదా?" కాగితాలు పెట్టేది అన్నాను. ఆయన రాసుకున్నాడు. మా ఆయన నుదుటి కుట్లు చూశాడు, ఆ ఫొటోలు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు, నా కాగితం పక్కకు పెట్టాడు. తర్వాత అది ముందుకు నడవలేదు. కోర్టులో ఆయన తరఫు లాయరు వదిన బాత్రూంలో జారిపడిందన్నాడు. మేజిస్ట్రేటు వీపు ఫొటోను దగ్గరికి తీసుకుని, "జారిపడితే పదకొండు గీతలు వరసగా పడతాయా?" అని అడిగింది. ఆయన వదిన దగ్గరికి రాకూడదని ఉత్తర్వు వచ్చింది. విడాకులకు ఇంకా చాలా తిరగాల్సి వచ్చింది. ఆయన వేరే ఊరికి బదిలీ చేయించుకున్నాడు. మా వైపు చుట్టాల్లో కొందరు ఇప్పటికీ, "అంత మంచోడు, ఏమయ్యుంటాదో" అంటారు. నేను వాళ్ళ పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాను.

వదిన ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగాలు చేసే అమ్మాయిల హాస్టల్‌కు వార్డెన్. తప్పులు పట్టడానికి ఆమెకు జీతం ఇస్తున్నారని మా ఆయన నవ్వుతాడు. వంటమనిషి సాంబారు నుంచి అమ్మాయిలు బకెట్లు పెట్టే తీరు దాకా అన్నిటికీ ఆమె మాట పడాల్సిందే. ఆ పిల్లలు ఆమెను చూసి నక్కుతారు, ఊళ్ళ నుంచి వచ్చేటప్పుడు ముందుగా ఆమెకే పొట్లాలు తెస్తారు. విరిగిన రెండు వేళ్ళు ఇప్పటికీ వంగవు. ఏ పిల్లయినా మెడకు చున్నీ చుట్టుకుని, నల్లద్దాలు తీయకుండా లోపలికి వస్తే, ఏమీ అడగకుండా తన గదికి తీసుకెళ్ళి కూర్చోబెడుతుందట. సెలవురోజున మా ఇంటికి వస్తుంది. పులుసు రుచి చూసి మొహం చిట్లిస్తుంది. నేనిప్పుడు మాత్రలు కొనిపెట్టుకోవడం లేదు.

మొన్న సాయంత్రానికి ఎదురు ఫ్లాట్ అమ్మాయి శుభలేఖ కుంకుమ రంగులోనే వచ్చింది. ఆ ఆదివారం గురించి మేమిద్దరమే ఉన్నప్పుడు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నా చెయ్యి పట్టుకుని ఆమె అన్నమాట మాత్రం, ఎవరి మీదైనా కోపం వచ్చి చేతివేళ్ళు బిగుసుకున్నప్పుడల్లా నాకు వినిపిస్తుంది. మొన్నటి వారం బాల్కనీలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉన్నట్టుండి తనే అంది. "ఆ ఇరవై మూడేండ్లు ఎట్ల పోయినాయో అడిగితే చెప్పలేను మే. అన్నీ కలిపి ఒకే దినం మాదిరి ఉండాయి. ఆ ఆదివారం మాత్రం నిమిషం నిమిషం చెప్తా." అని మళ్ళీ కాయల మీదికి వంగింది. బతుకులో చాలా ఏళ్ళు మనకు తెలియకుండానే దాటిపోతాయి, ఏవో కొన్ని గంటలు మాత్రం ఎక్కడికీ పోకుండా మనతోపాటే ముసలివవుతూ వస్తాయి.